కుక్క వాసన చూసి క్యాన్సర్ చెబుతుందట, సూది పరీక్ష వద్దంటోంది మా మేనత్త

స్రవంతి_తెనాలి

మా మేనత్తకి 58 ఏళ్లు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఎడమ రొమ్ములో గట్టిగా ఏదో తగులుతోందని అమ్మతో అంది. అమ్మ వెంటబడి తీసుకెళ్తే, డాక్టరమ్మ చూసి మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) తీయించండి, తర్వాత సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం అన్నారు. అక్కడ్నుంచి అత్త మొండికేసింది. సూది గుచ్చితే గడ్డ కదిలి ఒళ్లంతా పాకుతుందని వాళ్ల వీధిలో ఎవరో చెప్పారట.

ఇప్పుడు మా ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది. వరసగా డబ్బాలు పెట్టి ఉంటాయి. ఒక లాబ్రడార్ ఒక్కోటీ వాసన చూసుకుంటూ వచ్చి ఒక డబ్బా ముందు కూర్చుండిపోతుంది. ఊపిరి వాసనతోనే క్యాన్సర్ పట్టేస్తాయి, ఇక సూదులూ స్కాన్లూ అక్కర్లేదు అని కింద రాశారు. అత్త దాన్నే పట్టుకుంది. "అలాంటిది హైదరాబాద్‌లో ఎక్కడుందో కనుక్కోవే, అక్కడికైతే ఇవాళే బయల్దేరతా" అంటోంది.

ఇది నిజమేనా? మన దగ్గర ఎక్కడైనా చేస్తున్నారా? ఊరికే కొట్టిపారేస్తే ఆవిడ వినదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి, చదివి వినిపిస్తాను.

కాకినాడ_కాజా

ఫేక్ అండీ. ఫార్వర్డ్‌లన్నీ ఇంతే. నిమ్మకాయ, పసుపు అయిపోయాయి, ఇప్పుడు కుక్కలొచ్చాయి.

పెన్నా_ఒడ్డు

కాజా గారూ, అంత తేలిగ్గా ఫేక్ అనేయకండి. కుక్కలు పట్టడం నిజం. సూదులు అక్కర్లేదన్న వాక్యం మాత్రం పచ్చి అబద్ధం. రెంటినీ కలిపి ఒక వీడియోలో పెట్టారు, అదే ప్రమాదం.

1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు లండన్ డాక్టర్లు ఒక చిన్న ఉత్తరం రాశారు. ఒకావిడ కాలి మీద పుట్టుమచ్చ ఉంది. ఆవిడ కుక్క, బోర్డర్ కోలీ, డాబర్‌మన్ కలిసిన జాతి, ఆ ఒక్క మచ్చనే పదేపదే వాసన చూసేది. మిగతా మచ్చల జోలికి పోయేది కాదు. ప్యాంటు వేసుకున్నా గుడ్డ మీద నుంచే చూసేది. ఒకరోజు ఆవిడ షార్ట్స్‌లో ఉంటే దాన్ని కొరికేయబోయింది కూడా. అప్పుడు వెళ్లి చూపించుకుంటే మెలనోమా, చర్మ క్యాన్సర్లలో చెడ్డది. తొలిదశలోనే దొరికింది కాబట్టి తీసేశారు. వైద్యులు ఈ విషయాన్ని పట్టించుకోవడం ఆ ఉత్తరంతోనే మొదలైంది.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ కుక్క చూపించింది కానీ, క్యాన్సర్ అని తేల్చింది మాత్రం కోసి తీసిన ముక్కే.

డ్యూటీ_డాక్టర్

స్రవంతి గారూ, కుక్కల సంగతి తర్వాత. ముందు మీ అత్తగారి భయం గురించి చెబుతాను, ఎందుకంటే ఇదే మాట ఓపీలో రోజూ వింటాను.

సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్నది నిజం కాదు. రొమ్ములో గడ్డకి కోర్ బయాప్సీ ప్రపంచమంతా చేసే మామూలు పరీక్ష. చోటు మొద్దుబారడానికి ఇంజెక్షన్ ఇస్తారు, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్నటి ముక్కలు తీస్తారు. టక్ మని చప్పుడొస్తుంది, దానికే చాలామంది ఉలిక్కిపడతారు. ఆ చప్పుడు వస్తుందని ముందే చెప్పండి. అదే రోజు ఇంటికి పంపేస్తారు. కొంచెం కమిలినట్టు ఉంటుంది, కొన్ని రోజుల్లో తగ్గుతుంది.

పాకుతుందన్న పుకారు ఎందుకు పుడుతుందో కూడా చెప్పండి. చాలామంది గడ్డ బాగా ముదిరాక వస్తారు. అప్పుడు సూది పరీక్ష చేస్తారు. తర్వాత పరిస్థితి విషమిస్తుంది. చుట్టుపక్కలవాళ్లు సూదినే తిట్టుకుంటారు. పాకింది ఆలస్యం వల్ల.

ఇంకోటి. రొమ్ములో దొరికే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. ఆ వయసులో కొత్తగా వచ్చిన గట్టి గడ్డని మాత్రం పరీక్ష లేకుండా వదలకూడదు. ఈ వారమే తీసుకెళ్లండి.

వరంగల్_వాసు

డాక్టర్ సాబ్ చెప్పింది అక్షరాలా నిజం. మా చిన్నమ్మ ఇట్లనే సూది భయంతోని ఏడాది పసరు మందులు కట్టించుకున్నది. ఆఖరికి తీసుకపోయేసరికి చంక కిందికి కూడా వచ్చింది. ఆమె ఇప్పుడు లేదు. మీ అత్తకు నా మాటగా చెప్పుండ్రి అక్కా.

మిల్టన్‌కీన్స్_తెలుగు

నేను ఇంగ్లండ్‌లో ఈ కుక్కలకి శిక్షణ ఇచ్చే సంస్థకి దగ్గర్లోనే ఉంటాను. మెడికల్ డిటెక్షన్ డాగ్స్ అని 2008లో పెట్టారు, క్లెయిర్ గెస్ట్, జాన్ చర్చ్ కలిసి. జనానికి తలుపులు తెరిచే రోజుల్లో ఒకసారి వెళ్లి చూశాను. చిన్న గది. మధ్యలో గుండ్రంగా తిరిగే ఇనుప చట్రం, దాని చేతుల చివర చిన్న చిన్న గిన్నెలు, ఒక్కో గిన్నెలో ఒక్కో శాంపుల్. కుక్క వస్తుంది, ఒక్కో గిన్నె దగ్గరా అర సెకను కూడా ఆగదు, చకచకా పోతుంది. ఒకచోట మాత్రం టక్కున నిలబడిపోయింది. ముక్కు గిన్నె మీదే, ఒళ్లంతా బిగుసుకుంది, శిక్షకురాలి వైపు కన్నెత్తి చూడలేదు. క్లిక్ మని చప్పుడు రాగానే తోక ఊపుకుంటూ తిండి కోసం పరుగెత్తింది. చూస్తుంటే ఒళ్లు జలదరించింది.

క్లెయిర్ గెస్ట్ సొంత కథ ఇక్కడ చాలామందికి తెలుసు. 2009లో డైసీ అనే ఆవిడ లాబ్రడార్ పదేపదే ఆవిడ ఛాతీ మీద ముక్కుతో పొడిచేదట. ఆ చోట తడిమి చూసుకుంటే గడ్డ తగిలింది. డాక్టర్లు చూస్తే చేతికి తగిలింది మామూలు తిత్తి, దాని వెనక లోతుగా క్యాన్సర్ ఉంది. ఆవిడ కుక్కల నిపుణురాలే, అయినా మామోగ్రామ్, సూది పరీక్ష, ఆపరేషన్ అన్నీ చేయించుకుంది. మీ అత్తయ్యకి ఈ ముక్క చెప్పండి.

స్రవంతి_తెనాలి

ఇది బాగుంది. ఇది చెబితే వింటుందేమో. కాజా గారి పసుపు మాట మాత్రం చదవను, ఆవిడ పసుపు భక్తురాలు.

కాకినాడ_కాజా

నా పేరు చెప్పకండి, చాలు.

పెన్నా_ఒడ్డు గారు చెప్పింది సరే, ఒక కుక్క ఒక మచ్చని వాసన చూసింది. అలా లక్ష కుక్కలు లక్ష మచ్చల్ని వాసన చూస్తాయి, ఏమీ ఉండదు, అది ఎవరూ పత్రికకి రాయరు. లెక్క ప్రకారం ఎవరైనా పరీక్షించారా?

పెన్నా_ఒడ్డు

మంచి ప్రశ్న. పరీక్షించారు. 2004లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది, ఇంగ్లండ్‌లో అమర్షామ్ అనే ఊళ్లో చేశారు. మూత్రాశయ క్యాన్సర్. ఆరు కుక్కలకి ఏడు నెలలు నేర్పారు. ఏడు మూత్రం శాంపుళ్లు పెడతారు, అందులో ఒకటే రోగిది. ఊరికే ఊహించినా ఏడింట ఒకసారి, అంటే 14 శాతం సరిపోవాలి. కుక్కలు 54 సార్లలో 22 సార్లు సరిగ్గా చూపించాయి, 41 శాతం.

41 శాతమేనా అనిపిస్తుంది కదా. నాకు నచ్చింది ఆ అంకె కాదు. శిక్షణ సమయంలో ఆరోగ్యవంతుడి శాంపుల్ అని పెట్టిన ఒకదాని దగ్గర కుక్కలన్నీ పట్టుబట్టి ఆగేవి. ఆ మనిషికి అంతకుముందు మూత్రాశయం పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నారు. కుక్కలు ఎంతకీ మాట మార్చకపోతే డాక్టర్లు మళ్లీ పిలిపించి చూశారు. కుడి కిడ్నీలో క్యాన్సర్ దొరికింది.

లెక్కల_మాస్టారు

పెన్నా గారూ, ఆ కథ గొప్పదే. కానీ స్రవంతి గారి అత్తగారు తెలుసుకోవాల్సింది "కుక్క నాకు ఏమీ లేదంటే నమ్మొచ్చా" అని. దానికి జవాబు వేరే అంకెల్లో ఉంటుంది.

జబ్బున్నవాళ్లలో ఎంతమందిని పట్టింది అన్నది ఒక అంకె. జబ్బు లేనివాళ్లలో ఎంతమందిని వదిలేసింది అన్నది ఇంకో అంకె. వీడియోల్లో ఎప్పుడూ మొదటిదే చెబుతారు.

2024లో ఇజ్రాయెల్ సంస్థ ఒకటి 1386 మందితో చేసింది, మాస్కులోకి ఊపిరి వదిలిస్తే లాబ్రడార్లు వాసన చూశాయి. రొమ్ము, ఊపిరితిత్తి, పెద్దపేగు, ప్రోస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి), నాలుగు రకాల క్యాన్సర్లు. రెండు అంకెలూ దాదాపు 94 శాతం. చాలా మంచి ఫలితం. ఇప్పుడు ఆ కుక్కల్ని ఏ లక్షణాలూ లేని 1000 మంది ఆడవాళ్ల ముందు కూర్చోబెడదాం. వాళ్లలో 5 గురికి క్యాన్సర్ ఉందనుకుందాం. ఆ 5 గురినీ దాదాపు పట్టేస్తుంది. మిగిలిన 995 మందిలో 6 శాతం, అంటే 60 మంది దగ్గర కూడా కూర్చుంటుంది. మొత్తం 65 మందికి "నీకుంది" అంటే 60 మందికి లేనట్టే.

అందుకని కుక్క కూర్చున్నా సూది తప్పదు. ఇక మీ అత్తగారికి చేతికి తగిలే గడ్డే ఉంది. కుక్క కూర్చోకపోయినా తప్పదు.

నూజివీడు_రసం

మాస్టారూ, ఆ లెక్క మామోగ్రామ్‌కి వేసినా అలాగే వస్తుంది కదా. అక్కడా అనవసరంగా మళ్లీ పిలిపించేవాళ్లే ఎక్కువ. అయినా దాన్ని ఎవరూ పనికిరాదనరు. 1000 మందికి బదులు 65 మందికే పెద్ద పరీక్ష చేస్తే ఖర్చు ఎంత తగ్గుతుందో ఆలోచించండి. మా మన్యం ఊళ్లల్లో మామోగ్రామ్ మిషన్ ఎక్కడుంది? మాస్కులో ఊదించి ప్యాక్ చేసి పంపడం ఆశా కార్యకర్త కూడా చేయగలదు.

లెక్కల_మాస్టారు

ఒప్పుకుంటాను. మొదటి జల్లెడగా అయితే పనికొస్తుంది. నా అభ్యంతరం దాన్ని చివరి తీర్పు అనుకోవడం మీదే. ఇంకో తేడా కూడా ఉంది. మామోగ్రామ్ ఫిల్మ్ దాచుకోవచ్చు, ఇంకో డాక్టర్‌కి చూపించవచ్చు. కుక్క ఎందుకు ఆగిందో ఎవరు చూస్తారు?

చిప్పిపారై_ఫ్యాన్

మన దేశంలో చేశారా అని అడిగారు కదా. 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ కంటోన్మెంట్‌లో మన సైన్యం కోవిడ్ కుక్కల్ని చూపించింది. మీరట్‌లోని రిమౌంట్ వెటర్నరీ కోర్‌లో నేర్పారు. కాస్పర్ అని కాకర్ స్పానియల్, జయ అని చిప్పిపారై. చిప్పిపారై అంటే తమిళనాడు వేటకుక్క, మన దేశీ జాతి! చెమట, మూత్రం శాంపుళ్లు వాసన చూసేవి. దేశీ కుక్కలకి ఏమీ రాదనేవాళ్లకి ఆ రోజు నేను ఎంతమందికి ఫార్వర్డ్ చేశానో.

క్యాన్సర్‌కి అయితే బెంగళూరులో డాగ్నోసిస్ అనే స్టార్టప్ ఉంది, మాస్కులో వదిలిన ఊపిరి మీదే పని చేస్తున్నారు. అది పరిశోధన, మన ఇంటి దగ్గర రక్తపరీక్షలా వెళ్లి చేయించుకుని రిపోర్ట్ తెచ్చుకునేది కాదు.

మిల్టన్‌కీన్స్_తెలుగు

కోవిడ్‌కి ఫిన్లండ్ వాళ్లూ చేశారు. 2020 సెప్టెంబర్‌లో హెల్సింకీ ఎయిర్‌పోర్ట్‌లో ప్రయాణికులు మెడ మీద గుడ్డతో తుడిచి డబ్బాలో వేస్తే, గోడ అవతల కుక్క వాసన చూసేది. మనిషికీ కుక్కకీ ఎదురుపడే పనే లేదు, కుక్కలంటే భయపడేవాళ్లకి బాగుంటుంది.

కాకినాడ_కాజా

భయపడేవాళ్లు అంటే నా గురించే. గోడ అవతల ఉంటే నేనూ రెడీ.

మాజీ_హ్యాండ్లర్

పోలీస్ డాగ్ స్క్వాడ్‌లో చాలా ఏళ్లు చేసి రిటైర్ అయ్యాను. మందుపాతరలు, పేలుడు పదార్థాలు నా లైను. జబ్బుల కుక్కలతో పని చేయలేదు, కానీ ముక్కు ముక్కే. మాస్టారు "కుక్క ఎందుకు ఆగిందో ఎవరు చూస్తారు" అన్నారు. ఆ మాట మీద రాయాలనిపించింది.

కుక్క మీ చేతిలో పట్టీ బిగువుని చదువుతుంది. మీరు ఒక బ్యాగ్ దగ్గర అర అడుగు నెమ్మదించారనుకోండి, అది కూర్చుంటుంది. మీరు శ్వాస బిగబట్టినా దానికి తెలుసు. మేము కొత్త హ్యాండ్లర్లకి, అంటే కుక్కని పట్టుకుని వెతికించేవాళ్లకి, మొదట నేర్పేది ఇదే, సరుకు ఎక్కడుందో నీకు తెలియకుండా వెతికించు అని. 2011లో కాలిఫోర్నియాలో ఒక పరీక్ష చేశారు. 18 మంది హ్యాండ్లర్లకి, వాసన ఉన్నచోట ఎర్ర కాగితం గుర్తు ఉంటుందని చెప్పారు. నిజానికి ఎక్కడా ఏ వాసనా పెట్టలేదు. మొత్తం 144 సార్లు వెతికితే, కుక్క ఎక్కడా సూచించలేదని హ్యాండ్లర్లు చెప్పింది 21 సార్లే. ఎర్ర కాగితం దగ్గర ఎక్కువగా సూచించాయట.

అందుకని ఇంట్లో పెంపుడు కుక్కని పట్టుకుని "అత్తకి ఏమైనా ఉందా చూడు" అనడం దండగ. ఇంట్లో అందరూ ఆవిడ ఎడమ వైపే చూస్తుంటే అదీ అటే పోతుంది.

ఇంకోటి, మన ఎండలు. రొప్పుతున్న కుక్క సరిగ్గా వాసన చూడలేదు. నోరు తెరిచి ఒంట్లో వేడి తగ్గించుకుంటుంది కాబట్టి ముక్కు పని తగ్గిపోతుంది. మే నెలలో మేము తెల్లవారకముందే పని ముగించేవాళ్లం. ఇలాంటి పరీక్ష మన దగ్గర పెడితే ఏసీ గది తప్పనిసరి.

పెన్నా_ఒడ్డు

హ్యాండ్లర్ గారూ, చేతులెత్తి నమస్కారం. అందుకే మంచి పరీక్షల్లో శాంపుల్ ఎవరిదో కుక్కకీ తెలియనివ్వరు, పట్టుకున్న మనిషికీ తెలియనివ్వరు. అలా కట్టుదిట్టంగా చేసినప్పుడు పేరున్న కుక్కలు కూడా తడబడ్డాయి. 2014లో ఇంగ్లండ్‌లో ప్రోస్టేట్ మీద చేశారు. శిక్షణలో కుక్కలు బ్రహ్మాండంగా పట్టాయి. కొత్త మనుషుల శాంపుళ్లు పెట్టి, ఎవరికీ తెలియకుండా చేస్తే ఊరికే ఊహించినదానికన్నా మెరుగ్గా రాలేదు. కారణం ఏమిటంటే, అవి క్యాన్సర్ వాసన నేర్చుకోలేదు. ఒక్కో శాంపుల్‌ని, అంటే ఒక్కో మనిషి వాసనని గుర్తుపెట్టుకున్నాయి. బట్టీ కొట్టిన పిల్లాడు ప్రశ్న కొంచెం మార్చి ఇస్తే తెల్లమొహం వేసినట్టు.

ఆ ఫలితాన్ని దాచకుండా అచ్చు వేశారు చూడండి, అందుకే ఆ పరిశోధకుల మీద నాకు గౌరవం.

డ్యూటీ_డాక్టర్

ఇంకో చిక్కు. రోగుల శాంపుళ్లు ఆసుపత్రిలో తీసి, ఆరోగ్యవంతులవి ఇంట్లో తీశారనుకోండి. కుక్క ఫినాయిల్ వాసన నేర్చుకుంటుంది. డబ్బాలు వేరే కంపెనీవైనా అంతే. అందుకే రెండు రకాల శాంపుళ్లూ ఒకే గదిలో, ఒకే చేతులతో, ఒకే డబ్బాలో తీయాలి.

టెన్షన్ కూడా వాసనే. 2022లో బెల్‌ఫాస్ట్‌లో మనుషులకి కష్టమైన లెక్కలు ఇచ్చి, ముందూ తర్వాతా ఊపిరీ చెమటా తీసుకున్నారు. కుక్కలు దాదాపు 94 శాతం సార్లు టెన్షన్ పడ్డ శాంపుల్‌నే పట్టాయి. బయాప్సీ కోసం కూర్చున్న మనిషికి టెన్షన్ ఉండదా మరి? కుక్క దేన్ని పడుతున్నట్టు?

లెక్కల_మాస్టారు

లెక్కలు ఇస్తే టెన్షన్ వాసన వస్తుందని మా పదో తరగతి గదిలోకి కుక్కని తెస్తే అక్కడే కూలబడుతుంది.

వరంగల్_వాసు

అసలు వాసన ఎందుకొస్తదో ఎవరన్నా చెప్పుండ్రి. గడ్డ లోపల ఉన్నది, ఊపిరి నోట్లెకెళ్లి వస్తది. సంబంధమేంది?

డ్యూటీ_డాక్టర్

వాసు గారూ, కణం పని తీరు మారితే అది వదిలే చెత్త కూడా మారుతుంది. అందులో తేలిగ్గా ఆవిరయ్యే పదార్థాలు ఉంటాయి. అవి రక్తంలో కలుస్తాయి. రక్తం ఊపిరితిత్తులకి వెళ్తుంది, అక్కడ గాలిలోకి వస్తాయి. కొన్ని చెమటలోకి, కొన్ని మూత్రంలోకి. షుగర్ బాగా పెరిగి ఒంట్లో కీటోన్లు చేరినవాళ్ల నోట్లో పండు మాగిన వాసన వస్తుందని పాత డాక్టర్లు ముక్కుతోనే పట్టేవారు. క్యాన్సర్ వాసన అంతకన్నా ఎన్నో రెట్లు సన్నం, మన ముక్కుకి అందదు. కుక్క ముక్కులో వాసన గ్రాహకాలు మనకన్నా కొన్ని పదుల రెట్లు ఎక్కువ. పైగా అది ముక్కు పక్క చీలికల్లోంచి ఊపిరి వదులుతుంది, ముందు నుంచి వచ్చే వాసన చెదిరిపోదు.

ఖచ్చితంగా ఏ పదార్థాన్ని పడుతోందన్నది ఇంకా తేలలేదు. బహుశా ఒకటి కాదు, చాలా వాసనల కలయిక. అది తేలితే మిషన్ తయారు చేయొచ్చు, కుక్కలతో పని ఉండదు. అసలు చాలామంది పరిశోధకుల గురి అదే.

మిల్టన్‌కీన్స్_తెలుగు

ఆ దారిలో కొంత జరిగింది కూడా, కుక్క వల్ల కాదు, ఒక మనిషి ముక్కు వల్ల. స్కాట్లండ్‌లో జాయ్ మిల్న్ అనే రిటైర్డ్ నర్సు. భర్త ఒంటి వాసన మారిందని ఏళ్ల తరబడి అనేది. ఆయనకి 45 ఏళ్లప్పుడు పార్కిన్సన్స్ (ఒళ్లు వణికే, బిగుసుకుపోయే మెదడు జబ్బు) అని తేలింది. తర్వాత ఆ రోగులు కలుసుకునే చోటికి వెళ్తే అందరి దగ్గరా అదే వాసన వచ్చిందట. ఎడిన్‌బరో శాస్త్రవేత్త ఒకాయన ఆవిడని పరీక్షించాడు. ఆరుగురు రోగులవీ ఆరుగురు ఆరోగ్యవంతులవీ టీషర్టులు ఇచ్చాడు. 12లో 11 సరిగ్గా చెప్పింది. తప్పు చెప్పిన ఆ ఒక్కటీ ఆరోగ్యవంతుడి చొక్కా. కొన్ని నెలల తర్వాత ఆయనకీ పార్కిన్సన్స్ అని తేలింది!

చర్మం మీద నూనెలో ఆ వాసన ఉందని మాంచెస్టర్‌లో మిషన్‌తో విడదీసి చూపారు. 2025లో కుక్కలతోనూ చేశారు, బంపర్ అనీ పీనట్ అనీ రెండు. రోగుల్లో 70 నుంచి 80 శాతం మందిని పట్టాయి.

నూజివీడు_రసం

ఒళ్లు గగుర్పొడిచింది. ఆ చొక్కా మనిషి పరిస్థితి తలుచుకుంటే.

స్రవంతి_తెనాలి

అందరికీ ఒక మాట. నిన్న రాత్రి అత్త పక్కన కూర్చుని ఇవన్నీ చదివాను. క్లెయిర్ గెస్ట్ దగ్గర ఆపి "మరి ఆవిడ కూడా సూది వేయించుకుందా" అని రెండుసార్లు అడిగింది. వాసు గారి చిన్నమ్మ సంగతి దగ్గర ఏమీ మాట్లాడలేదు. పొద్దున్నే లేచి చీర కట్టుకుని "పద" అంది. మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ అయ్యాయి, సూది పరీక్ష కూడా అదే రోజు చేశారు. టక్ మనే చప్పుడు గురించి ముందే చెప్పమన్న డాక్టర్ గారికి చాలా చాలా థాంక్స్. రిపోర్ట్ వారంలో వస్తుంది. ఏది వచ్చినా వైద్యం చేయించుకుంటానని తనే అంది.

డ్యూటీ_డాక్టర్

మంచి పని చేశారు. రిపోర్ట్ వచ్చాక అర్థం కాని మాటలుంటే అడగండి.

వరంగల్_వాసు

మస్తు సంతోషమైంది అక్కా. అంతా మంచే జరగాలె.

చిప్పిపారై_ఫ్యాన్

శుభం. ఇదే సందులో ఒకటి అడుగుతాను. మన దేశంలో క్యాన్సర్ కన్నా టీబీ పెద్ద గోల. ప్రపంచంలో టీబీ రోగుల్లో నాలుగో వంతు మన దగ్గరే. కుక్కలు దాన్ని పట్టవా?

పెన్నా_ఒడ్డు

టీబీకి ఎలుకలున్నాయి! టాంజానియాలో మొరొగొరో అనే ఊళ్లో అపోపో అనే సంస్థ పెంచుతుంది. ఆఫ్రికా పెద్ద ఎలుకలు, బుగ్గల్లో తిండి దాచుకునే రకం. క్లినిక్‌లో లేదు అన్న కఫం శాంపుళ్లని వేడి చేసి క్రిములు చచ్చాక వాటి ముందు పెడతారు. ఒక ఎలుక 100 శాంపుళ్లని 20 నిమిషాల్లో చూసేస్తుంది. మైక్రోస్కోప్ ముందు కూర్చున్న మనిషికి నాలుగు రోజులు పట్టే పని. ఎలుక ఆగిన శాంపుల్‌ని మళ్లీ ల్యాబ్‌లో నిర్ధారిస్తారు, ఆ తర్వాతే రోగిని పిలుస్తారు. మాస్టారు చెప్పిన జల్లెడ అచ్చంగా అదే.

కాకినాడ_కాజా

మా వీధి పందికొక్కుల్ని పంపమంటారా? ఉచితం.

మిల్టన్‌కీన్స్_తెలుగు

మలేరియాకి కుక్కలున్నాయి కాజా గారూ. పశ్చిమ ఆఫ్రికాలో గాంబియా పిల్లలు నైలాన్ సాక్సు తొడుక్కుని రాత్రి పడుకున్నారు. ఆ సాక్సుల్ని ఫ్రీజర్‌లో పెట్టి ఇక్కడికి, మా ఊరి కుక్కలకి పంపారు. 175 మంది పిల్లల్లో 30 మందికి మలేరియా. జ్వరం లేదు, ఆడుకుంటున్నారు, రక్తంలో మాత్రం క్రిమి ఉంది. కుక్కలు ఆ 30 మందిలో 70 శాతాన్ని పట్టాయి, లేనివాళ్లలో 90 శాతాన్ని సరిగ్గా వదిలేశాయి. అదీ నెలల తరబడి ఫ్రీజర్‌లో ఉన్న సాక్సులతో.

నూజివీడు_రసం

జ్వరం లేకుండా మలేరియా మోసే పిల్లలు మా ఏజెన్సీలో కూడా ఉంటారు. వాళ్లని పట్టడమే అసలు కష్టం. ఇది ఎవరైనా మన్యంలో చేసి చూడాలి. నిజంగా అంటున్నాను.

నెల్లూరు_నాన్న

చర్చ మొత్తం చదివాను. నాది వేరే ప్రశ్న. మా బాబుకి తొమ్మిదేళ్లు, టైప్ 1 షుగర్. రాత్రిళ్లు లో షుగర్ వస్తుంది. సెన్సార్ పెట్టాం, ఖర్చు తట్టుకోలేక మధ్యలో ఆపేశాం. అమెరికాలో షుగర్ పడిపోతే లేపే కుక్కలు ఉంటాయట. మా ఇంట్లో వీధి నుంచి తెచ్చుకున్న కుక్క ఉంది, వాడితోనే పడుకుంటుంది. దానికి నేర్పించవచ్చా?

డ్యూటీ_డాక్టర్

నెల్లూరు నాన్న గారూ, షుగర్ పడినప్పుడు ఊపిరిలో ఐసోప్రీన్ అనే పదార్థం పెరుగుతుందని 2016లో కేంబ్రిడ్జ్‌లో చూశారు, కుక్కలు పట్టేది అదే కావచ్చు. 2019లో ఇంగ్లండ్‌లో శిక్షణ పొందిన 27 కుక్కల్ని ఇళ్లల్లోనే గమనించారు. మధ్యస్థంగా చూస్తే లో షుగర్‌లో 83 శాతం సార్లు హెచ్చరించాయి. కానీ కుక్కకీ కుక్కకీ చాలా తేడా ఉంది. మిగిలిన 17 శాతం ఒక పిల్లాడికి నిద్రలో జరిగితే? సెన్సార్‌కి బదులుగా మాత్రం వద్దు. నెల మొత్తం పెట్టలేకపోతే ఏ రోజుల్లో పెట్టాలో, రాత్రి ఇన్సులిన్ మోతాదు ఎలా మార్చాలో మీ ఎండోక్రినాలజిస్ట్‌ని, అంటే షుగర్, హార్మోన్ల డాక్టర్‌ని అడగండి. అలారం పెట్టుకుని రాత్రి 2 గంటలకి ఒకసారి గ్లూకోమీటర్‌తో చూడటం ఆపకండి.

నెల్లూరు_నాన్న

అది ఆపను సార్. దానికి అదనంగానే అడుగుతున్నా.

మాజీ_హ్యాండ్లర్

అదనంగా అయితే ప్రయత్నించవచ్చు. వీధి కుక్క అయినా పర్లేదు, తిండి మీద ఆశ, మనిషి మీద ధ్యాస ఉంటే చాలు. పెద్ద చప్పుళ్లకి వణికేది అయితే వద్దు.

పద్ధతి చెబుతాను. బాబుకి షుగర్ పడిందని మీటర్‌లో తెలియగానే ముందు వాడికి గ్లూకోజ్ ఇవ్వండి. నోట్లో గ్లూకోజ్ వేసేముందు ఒక్క క్షణంలో అయిపోతేనే దూది ఉండతో బుగ్గ లోపల తుడవండి, ఆలస్యం అవుతుందనిపిస్తే ఆ రోజుకి నుదుటి చెమట చాలు. దూదిని గాజు సీసాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. షుగర్ బాగున్నప్పుడు కూడా అలాగే తీసి పెట్టాలి, లేకపోతే కుక్క లో షుగర్‌ని కాదు, మీ బాబుని నేర్చుకుంటుంది. పెన్నా గారు చెప్పిన ప్రోస్టేట్ కుక్కలకి జరిగింది అదే. సరిగ్గా చూపించిన వెంటనే, ఆ క్షణంలోనే తిండి. పది సెకన్లు ఆలస్యమైతే దేనికిచ్చారో దానికి తెలియదు. తప్పు చూపిస్తే తిట్టకండి, ఊరికే ముందుకి పోనివ్వండి. తిట్టిన కుక్క భయపడి చెప్పడమే మానేస్తుంది.

శిక్షకుడు లేకుండా మాత్రం మొదలుపెట్టకండి. నెల్లూరు దగ్గర్లో పాత స్క్వాడ్ మనుషులు ఎవరైనా ఉన్నారేమో కనుక్కుంటాను.

నెల్లూరు_నాన్న

చాలా థాంక్స్ సార్. మెసేజ్ పెడతాను. ఒక సందేహం, సీసా మీద పెన్నుతో రాస్తే ఇంకు వాసన కుక్కకి తెలియదా?

మాజీ_హ్యాండ్లర్

తెలుస్తుంది. అందుకే రెండు రకాల సీసాల మీదా ఒకే పెన్నుతో నంబర్ మాత్రమే రాయండి. ఏ నంబర్‌కి షుగర్ ఎంత అన్నది పుస్తకంలో. ఆ పుస్తకం మీ ఆవిడ దగ్గర ఉంచండి, కుక్కని పట్టుకునేది మీరైతే.